క్రోమ్, గూగుల్, కుకీ, కాష్, ఎక్స్‌టెన్షన్: ఏది ఎక్కడుంటుంది, ఎవరు పెట్టారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆన్‌లైన్ సర్వీసుల షాపులో కొత్తగా చేరారు, ఓనర్ గారు బయటుండి ఫోన్‌లో "కాష్ క్లియర్ చెయ్, ఇన్‌కాగ్నిటోలో తెరువు, ఆ ఎక్స్‌టెన్షన్ ఏదో ఆపేయ్" అంటుంటే సరేనంటున్నారు గానీ దేన్ని ఏమంటారో తేలట్లేదు, దానికితోడు ఎవరో పీడీఎఫ్ కన్వర్టర్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే పని తేలికన్నారు, వేస్తే ఏమైనా అవుతుందా అని.

చివరిదానికి ముందు జవాబు. షాపు సిస్టమ్‌లో ఆ పీడీఎఫ్ ఎక్స్‌టెన్షన్ వెయ్యొద్దు. కారణం కింద చెప్తా, అది కొంచెం పెద్దది.

మిగతావి టూకీగా: బ్రౌజర్ అంటే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, సఫారీ లాంటి ప్రోగ్రామ్, అది మీ సిస్టమ్‌లో ఉంటుంది. గూగుల్ అనేది సెర్చ్ ఇంజిన్, అంటే అదీ ఒక సైటే, వాళ్ల సర్వర్లలో ఉంటుంది. కుకీ అంటే సైట్ వాళ్లు మీ బ్రౌజర్‌లో రాసిపెట్టే చిన్న గుర్తు. కాష్ అంటే మళ్లీ మళ్లీ దించుకోకుండా బ్రౌజర్ తన దగ్గర ఉంచుకునే బొమ్మలు, ఫైళ్ల కాపీలు. ఎక్స్‌టెన్షన్ అంటే బయటివాళ్లెవరో రాసిన చిన్న ప్రోగ్రామ్, మీరు వేస్తే బ్రౌజర్ లోపల కూర్చుంటుంది. ఇన్‌కాగ్నిటో అంటే పాత కుకీలు, ఎక్స్‌టెన్షన్లు ఏవీ లేకుండా తెరుచుకునే విండో.

నాది ఇంటర్నెట్ సెంటర్, సిస్టమ్ సర్వీసింగ్ కూడా చేస్తుంటా, కుర్రాళ్లు పనిలో చేరినప్పుడు ఈ మాటల్ని బట్టీ పట్టొద్దనే చెప్తా. ఏ మాట వినపడ్డా రెండు ప్రశ్నలు వేసుకోండి, ఇది ఎక్కడుంది? ఎవరు పెట్టారు? అంతే. మన సిస్టమ్‌లో ఉందా, సైట్ వాళ్ల సర్వర్లో ఉందా, మన గూగుల్ అకౌంట్‌లో ఉందా తెలిస్తే దేన్ని తుడిస్తే ఏం పోతుందో మీకే తెలుస్తుంది.

బ్రౌజర్, సెర్చ్ ఇంజిన్ తేడా చిన్న విషయంలా ఉంటుంది గానీ షాపులో డబ్బులు పోయేది ఇక్కడే. కస్టమర్ వచ్చి "గూగుల్ ఓపెన్ చేసి పాస్‌పోర్ట్ కొట్టండి" అంటారు, మనం పైన అడ్రస్ బార్‌లో పాస్‌పోర్ట్ అని కొడతాం, అడ్రస్ కాదు కాబట్టి బ్రౌజర్ దాన్ని సెర్చ్ ఇంజిన్‌కి పంపిస్తుంది, వచ్చినవాటిలో పైన యాడ్స్ ఉండొచ్చు, అచ్చం గవర్నమెంట్ సైట్‌లా తయారుచేసిన సైట్లు కూడా ఉండొచ్చు. పాస్‌పోర్ట్ ఆఫీసు వాళ్లే నకిలీ సైట్లున్నాయి జాగ్రత్త అని హెచ్చరిస్తున్నారు. అందుకే రోజూ వాడే సైట్లు సెర్చ్ చెయ్యకుండా బుక్‌మార్క్ పెట్టుకోండి, లేదా అడ్రస్ పూర్తిగా కొట్టండి, పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్ అని. అడ్రస్ చదవడం కూడా నేర్చుకోవాలి. మొదట్లో ఉండే రెండు స్లాషుల తర్వాత మొదలుపెట్టి, మొదటి ఒంటి స్లాష్ వచ్చేవరకే చూడండి, ఆ ముక్క చివర ఏముందన్నదే లెక్క. చివర్లో డాట్ గవ్ డాట్ ఇన్ లేదా డాట్ నిక్ డాట్ ఇన్ ఉంటే గవర్నమెంట్ సైట్. గవ్ అనే మాట మధ్యలో ఎక్కడో ఉండి చివర డాట్ కామ్ అని ముగిస్తే అది ఎవరిదో ఏమో.

తాళం గుర్తుంది కదా సేఫేగా అనేవాళ్లు ఇంకా ఉన్నారు. తాళం ఉంటే మీకూ ఆ సైట్‌కీ మధ్య వెళ్లేది దారిలో ఎవరూ చదవలేరని అర్థం, అవతల ఉన్నది మంచివాడని కాదు, దొంగ సైట్‌కీ తాళం వస్తుంది. జనం ఇలా పొరబడుతున్నారనే క్రోమ్ 2023 సెప్టెంబర్‌లో, 117వ వెర్షన్‌లో, తాళం బొమ్మ తీసేసి రెండు గీతల మీద గుండీలున్నట్టుండే గుర్తు పెట్టింది. ఆ గుర్తు మీద నొక్కితే ఆ సైట్ కుకీలు, పర్మిషన్లు అన్నీ కనపడతాయి, దాని పని పడుతుంది గుర్తుపెట్టుకోండి.

ఇక "క్రోమ్‌లో రాకపోతే ఎడ్జ్‌లో ట్రై చెయ్" అన్న సలహా సంగతి. బ్రౌజర్ లోపల పేజీని గీసి చూపించే భాగాన్ని ఇంజిన్ అంటారు. (సెర్చ్ ఇంజిన్‌కీ దీనికీ సంబంధం లేదు.) క్రోమ్‌ది బ్లింక్, ఫైర్‌ఫాక్స్‌ది గెకో, సఫారీది వెబ్‌కిట్. ఎడ్జ్ 2020 జనవరి నుంచి క్రోమియం (క్రోమ్‌కి పునాది అదే, ఇంజిన్ బ్లింకే) మీదకే వచ్చేసింది, ఒపెరా 2013లోనే వచ్చింది, బ్రేవ్, వివాల్డీ కూడా అదే. అంటే క్రోమ్ నుంచి ఎడ్జ్‌కి మారితే ఇంజిన్ మారలేదు, సైట్ నిజంగా ఆ ఇంజిన్‌తో పడకపోతే ఎడ్జ్‌లోనూ పడదు, ఫైర్‌ఫాక్స్‌లో చూడాలి. మరి ఎడ్జ్‌లో చాలాసార్లు పనిచేస్తుంది కదా అంటారా, చేస్తుంది, ఎందుకంటే ఎడ్జ్‌ని షాపులో ఎవరూ వాడరు, దాంట్లో పాత కుకీలు, చెత్త ఎక్స్‌టెన్షన్లు ఉండవు! ఎడ్జ్ వల్ల బాగవలేదు, మీ క్రోమ్‌లో పేరుకున్నది అక్కడ లేకపోవడం వల్ల బాగయింది.

ఎడ్జ్‌కి ఒక పని మాత్రం ప్రత్యేకంగా ఉంది. పాత ఆఫీసు పోర్టల్స్ కొన్ని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఉంటేనే కదిలేవి. దాన్ని 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఆపేసింది, అలాంటి సైట్ల కోసం ఎడ్జ్‌లోనే ఐఈ మోడ్ అని ఉంచారు, కనీసం 2029 దాకా ఉంటుందన్నారు. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ అనేచోట దొరుకుతుంది.

ఇప్పుడు కుకీ, కాష్, హిస్టరీ. ఓనర్ గారు "కాష్ కొట్టేయ్" అన్నప్పుడు మీరు మూడూ కలిపి తుడిచేసి ఉంటారు, అందరూ చేసేది అదే, తర్వాత అన్ని సైట్లలోనూ లాగౌట్ అయిపోయి తిట్లు.

కుకీ ఎందుకంటే, వెబ్ సర్వర్‌కి జ్ఞాపకం ఉండదు. మీరు లాగిన్ అయి ఇంకో పేజీ మీద నొక్కితే ఆ నొక్కింది మీరేనని దానికి తెలీదు. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో పనిచేసే లూ మోంటుల్లి దీనికి కుకీ అనే ఉపాయం కనిపెట్టాడు. గుడి దగ్గర చెప్పుల స్టాండ్‌లో ఇచ్చే టోకెన్ లాంటిది, చెప్పులు వాళ్ల దగ్గరే ఉంటాయి, మన దగ్గర నంబర్ ఉంటుంది, ప్రతిసారీ అది చూపిస్తే మనవి మనకిస్తారు. ఆ టోకెన్ ఇంకొకడి చేతిలో పడితే వాడికీ ఇస్తారు, పేరు అడగరు. అందుకే కుకీ దొంగతనం అంటే పాస్‌వర్డ్ తెలీకుండానే మీ అకౌంట్లోకి వచ్చేయడం, ఓటీపీ కూడా అడగకపోవచ్చు, ఎందుకంటే లాగిన్ అప్పటికే అయిపోయి ఉంది.

కాష్ అలా కాదు, అందులో మీ గుట్టు పెద్దగా ఏమీ ఉండదు, సైట్ లోగో, బటన్లు, స్క్రిప్ట్ ఫైళ్ల కాపీలు అంతే. సైట్ వాళ్లు కొత్తది పెట్టినా మీ బ్రౌజర్ పాత కాపీ చూపిస్తుంటే బటన్ నొక్కినా పలకదు, సబ్మిట్ అవదు, అప్పుడు కాష్ అనుమానించాలి. దానికి కూడా మొత్తం తుడవక్కర్లేదు.

నేను చెప్పే వరస: ముందు ఆ పేజీలోనే కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కండి, కాష్‌ని పక్కనపెట్టి పేజీ మొత్తం కొత్తగా దించుకుంటుంది, లాగిన్‌లు పోవు. అప్పటికీ అదే గోలైతే అడ్రస్ పక్కన ఆ గుండీల గుర్తు నొక్కి ఆ ఒక్క సైట్ కుకీలు తీసేయండి, ఆ ఒక్కదాంట్లోనే లాగౌట్ అవుతారు. మొత్తం తుడిచే పేజీ (కంట్రోల్, షిఫ్ట్, డిలీట్) చిట్టచివర. అక్కడ కూడా సేవ్ చేసిన పాస్‌వర్డ్స్ అన్న దాని దగ్గర టిక్ ఉందేమో చూడకుండా నొక్కకండి. సింక్ (బ్రౌజర్‌లో ఉన్నవాటిని గూగుల్ అకౌంట్‌తో కలిపి ఉంచేది) ఆన్‌లో ఉన్న సిస్టమ్ అయితే ఇక్కడ తుడిచిన హిస్టరీ, పాస్‌వర్డ్స్ అకౌంట్‌లోంచే పోతాయి, అంటే ఓనర్ గారి ఫోన్‌లోంచీ పోతాయి. ఎక్కడుంది అని అడగమన్నది ఇందుకే.

ఇన్‌కాగ్నిటో గురించి జనానికి ఉన్న భ్రమ వేరు, దాని అసలు ఉపయోగం వేరు. అది మిమ్మల్ని దాచిపెట్టదు, మీ నెట్ కంపెనీకి, లాగిన్ అయిన సైట్‌కి, ఆఫీసు నెట్‌వర్క్ వాళ్లకి మీరు కనపడుతూనే ఉంటారు. మీ సిస్టమ్‌లో హిస్టరీ, కుకీలు మిగలవు, అంతవరకే. కానీ సర్వీసింగ్ చేసేవాడికి అది పరీక్ష పెట్టే పనిముట్టు. ఇన్‌కాగ్నిటోలో పాత కుకీలుండవు, మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు పనిచెయ్యవు. కాబట్టి మామూలు విండోలో రాని సైట్ ఇన్‌కాగ్నిటోలో వస్తే తప్పు సైట్‌ది కాదు, నెట్‌ది కాదు, మీ బ్రౌజర్‌లో పేరుకున్న కుకీదో, కాష్‌దో, ఎక్స్‌టెన్షన్‌దో. రెండిట్లోనూ రాకపోతే, ఫైర్‌ఫాక్స్‌లోనూ రాకపోతే చాలావరకు సర్వర్ డౌనో, నెట్ ప్రాబ్లమో, ఎంత తుడిచినా లాభం లేదు, టీ తాగి రండి. మీ ఓనర్ గారు ఇన్‌కాగ్నిటో అన్నది దీనికే, ఆయన విడమర్చి చెప్పలేదు గానీ పద్ధతి కరెక్టే.

షాపులో ఇన్‌కాగ్నిటో వాడేటప్పుడు రెండు సంగతులు. ఒకటి, ఇన్‌కాగ్నిటో విండోలు ఎన్ని తెరిచినా అన్నిటికీ కుకీల డబ్బా ఒకటే. ఒక విండోలో ఒకరి లాగిన్ ఉండగా ఇంకో ఇన్‌కాగ్నిటో తెరిచి రెండో కస్టమర్‌కి అదే సైట్ ఓపెన్ చేస్తే మొదటివాళ్ల అకౌంటే వస్తుంది. అన్ని ఇన్‌కాగ్నిటో విండోలూ మూస్తేనే తుడుచుకుపోతుంది. రెండోది ఇంకా ముఖ్యం, డౌన్‌లోడ్ చేసిన ఫైల్ పోదు. ఇన్‌కాగ్నిటో మూశాక డౌన్‌లోడ్స్ లిస్టులో దాని పేరు కనపడదు గానీ ఫోల్డర్‌లో ఫైల్ అలాగే ఉంటుంది. సర్వీస్‌కి వచ్చే షాపు సిస్టమ్స్‌లో ఆ ఫోల్డర్ తెరిచి చూస్తే ఊళ్లో సగం మంది ఆధార్ కార్డులు ఉంటున్నాయి. పాస్‌వర్డ్ ఉంటుందిగా అనకండి, ఈ-ఆధార్ పాస్‌వర్డ్ అంటే పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, పేరు తెలిస్తే మిగిలింది ఊహించడం ఎంతసేపు. ప్రింట్ ఇచ్చాక కస్టమర్ ముందే డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యండి.

ఇక ఎక్స్‌టెన్షన్లు. అసలు మాట్లాడాల్సింది ఇక్కడే.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం. ప్లగిన్ అనేది పాతకాలం సరుకు, ఫ్లాష్, సిల్వర్‌లైట్, జావా లాంటివి, బ్రౌజర్‌కి చేతకాని పని చేసిపెట్టే బయటి ప్రోగ్రాములు. సిల్వర్‌లైట్, జావా నడిచే పద్ధతిని క్రోమ్ 2015లోనే తీసేసింది, ఫ్లాష్‌కి అడోబీ 2020 డిసెంబర్ 31తో మంగళం పాడింది. కాబట్టి ఇవాళ ఏ సైటైనా "మీ ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చేసుకోండి" అంటే అది మోసం, ఆలోచించక్కర్లేదు, మూసేయండి. ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్ రూల్స్‌కి లోబడి బ్రౌజర్ లోపలే నడుస్తుంది. యాడాన్ అనేది ఫైర్‌ఫాక్స్ వాళ్లు ఎక్స్‌టెన్షన్లు, థీమ్‌లు అన్నిటికీ కలిపి వాడే మాట. మీ షాపులో జీఎస్టీ పని ఉంటే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ కోసం ఎమ్‌సైనర్ అని ఒకటి వేస్తారు చూడండి, అది ప్లగినూ కాదు ఎక్స్‌టెన్షనూ కాదు, విండోస్‌లో వేసే మామూలు ప్రోగ్రామ్, బ్రౌజర్ దాంతో మాట్లాడుతుంది అంతే. అందుకే అది పనిచెయ్యనప్పుడు బ్రౌజర్ కాష్ తుడిస్తే ఉపయోగం ఉండదు, కింద గడియారం పక్కన ఆ ప్రోగ్రామ్ నడుస్తోందా లేదా చూడాలి.

ఎక్స్‌టెన్షన్ ఏం చెయ్యగలదో చెప్పడానికి మన తెలుగు ఉదాహరణే ఉంది. యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) ఇంకా అంతటా రాని రోజుల్లో తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటీ సొంత ఫాంట్‌లో ఉండేవి, ఆ ఫాంట్ మన సిస్టమ్‌లో లేకపోతే పేజీ నిండా పిచ్చి గీతలే. (మీ డీటీపీ కుర్రాళ్లు అను ఫాంట్‌లో కొట్టింది తీసుకెళ్లి వెబ్ ఫారంలో పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాల గుట్ట వస్తుందే, అదే రోగం.) అప్పుడు ఫైర్‌ఫాక్స్‌కి పద్మ అని ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది, ఆ సైట్ తెరిస్తే చాలు, పేజీలో ఉన్న ఫాంట్ రాతనంతా యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. అప్పట్లో అది లేకుండా తెలుగు చదివేవాళ్లకి గడిచేది కాదు.

అది ఎలా చేసిందో ఒకసారి ఆలోచించండి. పేజీ సర్వర్ నుంచి మీ సిస్టమ్‌కి వచ్చింది, మీరు చదవబోయేలోపు ఎక్స్‌టెన్షన్ దాన్ని అక్షరం అక్షరం చదివింది, తీసి వేరేది పెట్టింది. ఆ పనికి ఆ అధికారం కావాలి, ఇవ్వకపోతే జరగదు. కానీ అదే అధికారం ఉన్న ఇంకో ఎక్స్‌టెన్షన్ మీ బ్యాంకు పేజీని కూడా అక్షరం అక్షరం చదవగలదు, అకౌంట్ నంబర్ ఉన్నచోట వేరే నంబర్ చూపించగలదు, ఫారంలో మీరు కొట్టే పాస్‌వర్డ్‌ని కొడుతుండగానే తీసుకోగలదు. తాళం గుర్తు ఏం కాపాడదు, ఎందుకంటే తాళం ఉన్నది దారికి, ఎక్స్‌టెన్షన్ ఉన్నది ఇంటి లోపల. యాంటీవైరస్ కూడా చాలాసార్లు పలకదు, దానికి అది కూడా బ్రౌజర్ చేసుకునే పనిలాగే కనపడుతుంది.

అందుకే నేర్చుకోవాల్సిన మాట పర్మిషన్. ఎక్స్‌టెన్షన్ వేసేటప్పుడు చిన్న బాక్సు వస్తుంది, మనం చదవకుండా నొక్కేది. అందులో "మీరు వెళ్లే అన్ని సైట్లలో మీ డేటా మొత్తం చదవగలదు, మార్చగలదు" అన్న అర్థమొచ్చే లైన్ ఉంటే ఆగండి. కొన్నింటికి అది న్యాయంగానే కావాలి, యాడ్స్ ఆపేదానికి అన్ని పేజీలూ చూడక తప్పదు. కానీ పీడీఎఫ్ మార్చేదానికి మీ బ్యాంకు పేజీతో ఏం పని? క్యాలిక్యులేటర్‌కి, వాల్‌పేపర్‌కి ఏం పని? చేసే పనికీ అడిగే అధికారానికీ పొంతన లేకపోతే వెయ్యొద్దు. ఇప్పటికే వేసి ఉన్నవాటికి క్రోమ్‌లో మూడు చుక్కల మెనూ, ఎక్స్‌టెన్షన్స్, మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్, డీటెయిల్స్ అనుకుంటూ వెళ్తే సైట్ యాక్సెస్ అని ఉంటుంది, అన్ని సైట్లలో, కొన్ని సైట్లలో, నొక్కినప్పుడు మాత్రమే అని మూడు ఉంటాయి. నేనైతే కుదిరినవన్నీ నొక్కినప్పుడు మాత్రమే అన్నదానికి మార్చేస్తా.

"రేటింగ్ బాగుంది, లక్షల మంది వాడుతున్నారు కదండీ" అంటారు. వేసేరోజు మంచిదే కావచ్చు. ఎక్స్‌టెన్షన్లు మనల్ని అడక్కుండా వాటంతటవే అప్‌డేట్ అవుతాయి, చిక్కంతా అక్కడే ఉంది. ద గ్రేట్ సస్పెండర్ అని ఒకటి ఉండేది, వాడని ట్యాబులను నిద్రపుచ్చి ర్యామ్ మిగిల్చేది, నిజంగా పనికొచ్చేది. 2020లో దాన్ని రాసినాయన వేరేవాళ్లకి అమ్మేశాడు, కొన్నవాళ్లు ఏదేదో కలిపారు, 2021 ఫిబ్రవరిలో గూగుల్ మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఉందని దాన్ని ఆపేసింది. వాడేవాళ్లు చేసింది ఏమీ లేదు, మంచిదే వేసుకున్నారు, అది చేతులు మారింది. ఇంకో కేసు 2024 డిసెంబర్‌లో, సైబర్‌హేవెన్ అని డేటా రక్షణ అమ్మే కంపెనీయే, వాళ్ల ఉద్యోగికి క్రోమ్ వెబ్ స్టోర్ నుంచి వచ్చినట్టు దొంగ మెయిల్ వచ్చింది, ఆ ఉచ్చులో పడేసరికి క్రిస్మస్ సమయంలో దొంగలు వాళ్ల ఎక్స్‌టెన్షన్ పేరుతోనే విషం కలిపిన వెర్షన్ పెట్టేశారు, అది కుకీలు ఎత్తుకుపోయే రకం. పట్టుకుని తీసేశారు గానీ ఈలోగా ఆటోమేటిక్‌గా అప్‌డేట్ అయినవాళ్లకి చేరిపోయింది. భద్రత అమ్ముకునేవాడి పరిస్థితే అదైతే ఊరూపేరూ లేని పీడీఎఫ్ కన్వర్టర్ సంగతి మీరే చూసుకోండి.

మీ పీడీఎఫ్ అవసరానికి ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు కూడా. ఏ పేజీనైనా పీడీఎఫ్ చెయ్యాలంటే ప్రింట్ నొక్కి ప్రింటర్ పేరు దగ్గర సేవ్ యాజ్ పీడీఎఫ్ ఎంచుకోండి, చూడ్డానికి బ్రౌజరే చాలు. వర్డ్ ఫైల్ అయితే వర్డ్‌లోనే సేవ్ యాజ్‌లో ఉంది. ఫొటో 50 కేబీ లోపు ఉండాలని అడిగే అప్లికేషన్లకి పెయింట్‌లో రీసైజ్ చేసి జేపెగ్‌గా సేవ్ చేస్తే సరిపోతుంది. కస్టమర్ సర్టిఫికెట్లను తెలియని సైట్‌లోకి అప్‌లోడ్ చేసి సైజు తగ్గించడం కూడా నాకు నచ్చదు, ఆ కాపీ ఎవరి సర్వర్లో ఉండిపోయిందో మనకి తెలీదు.

తెలుగు టైపింగ్‌కి కూడా ఎక్స్‌టెన్షన్ వేసుకునేవాళ్లున్నారు, గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ లాంటివి, అది గూగుల్‌దే కాబట్టి నాకు అభ్యంతరం లేదు, కాకపోతే బ్రౌజర్ బయట వర్డ్‌లో పనిచెయ్యదు. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ విండోస్‌తోపాటే వస్తోంది, ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు పడుతుంది, అన్నిచోట్లా పడుతుంది. లేఖిని సంగతి వేరు, అది ఎక్స్‌టెన్షన్ కాదు, మామూలు వెబ్ పేజీ, మీరు ఆ పేజీలో కొట్టినదాంతోనే దానికి పని, పక్క ట్యాబ్‌లో ఏముందో దానికి కనపడదు. ఎక్స్‌టెన్షన్‌కీ వెబ్ పేజీకీ తేడా అదే.

"ఈ ఎక్స్‌టెన్షన్‌కి ఇకపై సపోర్ట్ లేదు" అని క్రోమ్ దానంతటదే ఆపేసిందని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అది వైరస్ కాదు. మానిఫెస్ట్ అంటే ఎక్స్‌టెన్షన్ తన పేరు, తనకు కావాల్సిన అధికారాలు రాసుకునే ఫైల్. దాని రెండో వెర్షన్‌వి క్రోమ్ 2024 నుంచి ఆపుకుంటూ వచ్చింది, మూడో వెర్షన్‌వే ఉంటాయి. కొత్త పద్ధతిలో యాడ్స్ ఆపేవి ప్రతి రిక్వెస్ట్‌నీ తామే పట్టి ఆపలేవు, ముందే రూల్స్ రాసిస్తే బ్రౌజర్ ఆపుతుంది. అందుకే యాడ్స్ ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ క్రోమ్‌లో పోయి యూబ్లాక్ ఆరిజిన్ లైట్ వచ్చింది, ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం పాతదే నడుస్తోంది. దీంట్లో భద్రత ఎంత, గూగుల్ యాడ్స్ వ్యాపారం ఎంత అని జనం ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, నాకైతే రెండూ ఉన్నాయనిపిస్తుంది. ఫోన్ సంగతి కూడా అడుగుతారేమో, ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు లేవు, ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నాయి.

ఎక్స్‌టెన్షన్ మీద నింద పడే ఇంకోటుంది, నోటిఫికేషన్. స్క్రీన్ కింద కుడిపక్క "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు" అంటూ వస్తూనే ఉంటుంది, ఫార్మాట్ కొట్టమని సిస్టమ్ మోసుకొస్తారు. తొంభై శాతం అది వైరసూ కాదు ఎక్స్‌టెన్షనూ కాదు, ఏదో సినిమా డౌన్‌లోడ్ సైట్‌లో అలో అని నొక్కి ఉంటారు, ఆ సైట్‌కి నోటిఫికేషన్లు పంపే పర్మిషన్ వచ్చేసింది. సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి తెలియని పేర్లన్నీ తీసేస్తే అయిపోతుంది. ఫార్మాట్ చేసి డబ్బులు తీసుకునేవాళ్లూ ఉన్నారు మరి.

మీ షాపు వరకు ఇలా చెయ్యండి. ఓనర్ గారి జీమెయిల్ ఉన్న ప్రొఫైల్ వేరుగా, కౌంటర్ పనికి వేరే ప్రొఫైల్ పెట్టండి, ప్రొఫైల్ మారితే కుకీలు, పాస్‌వర్డ్స్, ఎక్స్‌టెన్షన్లు అన్నీ వేరు. కస్టమర్ తన జీమెయిల్ తెరవాలంటే గెస్ట్ విండోలో (ఏ ప్రొఫైల్‌కీ చెందనిది, మూస్తే అన్నీ తుడుచుకుపోయేది) తెరిపించండి, మామూలు విండోలో తెరిస్తే సింక్ చేస్తావా అని క్రోమ్ అడుగుతుంది, ఎవరో అవునంటారు, ఆయన సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్స్ మొత్తం మీ షాపు సిస్టమ్‌లోకి దిగుతాయి, ఇది రెండువైపులా తలనొప్పే. కౌంటర్ ప్రొఫైల్‌లో క్రోమ్ సైనిన్ అనుమతించే ఆప్షన్ ఆపేస్తే ఇంకా మంచిది. పాస్‌వర్డ్ సేవ్ చెయ్యమంటావా అన్నప్పుడల్లా వద్దనే నొక్కండి.

తర్వాత ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి ఒక్కోదాన్నీ చూడండి, ఎవరు వేశారో ఎవరికీ తెలియనివి, నెలల తరబడి వాడనివి రిమూవ్ చెయ్యండి. స్విచ్ ఆపితే అది పనిచెయ్యదు గానీ అక్కడే ఉంటుంది, ఎవరో ఒకరు మళ్లీ ఆన్ చేస్తారు. ఏదైనా సైట్ ఇన్‌కాగ్నిటోలో వచ్చి మామూలుగా రావట్లేదంటే అన్నీ ఒకేసారి కాకుండా ఒకటి ఆపి పేజీ రీలోడ్, ఇంకోటి ఆపి రీలోడ్, అలా చేస్తే దొంగెవరో దొరుకుతుంది. ఓనర్ గారు ఏదైనా ఉంచాల్సిందేనంటే దాని పేరు, డీటెయిల్స్‌లో ఉన్న పర్మిషన్ల లైన్లు ఇక్కడ రాయండి, ఏది ఉంచొచ్చో ఏది వద్దో చూసి చెప్తా. స్క్రీన్‌షాట్ పెట్టేపనైతే పక్కన తెరిచి ఉన్న ట్యాబుల్లో కస్టమర్ పేర్లు కనపడకుండా కత్తిరించి పెట్టండి.